గాలిమరల గాథ – 6: స్నెంటన్ గుట్ట మీది గ్రీన్ మర

కిందటి భాగంలో నెదర్లాండ్స్‌లోని కిండర్‌డైక్ దగ్గర ఆగాం. నదుల మట్టం కన్నా పల్లంలో ఉన్న నేలను ముంపు నుంచి కాపాడటానికి 1738లో ఎనిమిది ఇటుక మరలు, 1740లో గడ్డి కప్పిన మరో ఎనిమిది మరలు అక్కడ లేచాయి. అవి నీటిని మెట్టు మెట్టుగా ఎత్తి లెక్ నదిలోకి పంపిన తీరు చూశాం. అక్కడ అందరికీ శత్రువు నీరే. కాబట్టి రైతులూ, మర నడిపేవాళ్ళూ, గట్లు కాపాడే సంఘాలూ ఒక్క మాట మీద నిలబడ్డారు.

ఇప్పుడు ఉత్తర సముద్రం దాటి ఇంగ్లండుకు వెళ్దాం. అక్కడ గాలిమరకు ఉన్న ముఖ్యమైన పని గోధుమలు విసరడం. నీటి దగ్గర ఒక్కటైన మనుషులు రొట్టె దగ్గర విడిపోయారు. కొనేవాడికి అమ్మేవాడి మీద అనుమానం. అమ్మేవాడికి మర యజమాని మీద అనుమానం. అందరికీ ధాన్యం దాచే వర్తకుడి మీద కోపం. ఆ అనుమానాల నడుమ 1807లో ఒక రొట్టెల వ్యాపారి కట్టించిన మర నాటింగ్‌హామ్ పక్కన స్నెంటన్ గుట్ట మీద ఈనాటికీ తిరుగుతోంది. దాన్ని నడిపిన కొడుకు పేరు మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదటి ఏడాది గణితం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. అతడు పిండి మర మనిషి అని మాత్రం చాలామందికి తెలియదు.

రొట్టె కోసం వీధికెక్కిన ఊరు

ఇంగ్లండు నడుమ, ట్రెంట్ నది పక్కన ఉన్న ఊరు నాటింగ్‌హామ్. 18వ శతాబ్దం చివరికి అది మేజోళ్ళకూ లేసుకూ పెట్టింది పేరు. చిన్న చిన్న ఇళ్ళలో అల్లిక మగ్గాలు రాత్రింబవళ్ళు ఆడేవి. జనం ఏటేటా పెరుగుతున్నా ఊరు పెరగడానికి చోటు లేదు. చుట్టూ ఉన్నవి ఉమ్మడి భూములు. వాటి మీద పాత హక్కులున్న పురజనులు అక్కడ ఇళ్ళు కట్టనివ్వలేదు. ఆ భూముల చిక్కుముడి విప్పే చట్టం 1845లో గానీ రాలేదు. ఆలోగా ఉన్న పెరళ్ళలోనే, ఉన్న సందుల్లోనే ఇల్లు మీద ఇల్లు లేచింది. వంటకు చోటు లేని ఆ ఇళ్ళలోని కుటుంబాలు రొట్టె బయట కొనుక్కోవాల్సిందే. పంట పోయిన ఏడాది వచ్చిన కూలిలో సగానికి పైగా దానికే పోయేది.

ఆకలి వేస్తే ఆ ఊరు ఊరుకునేది కాదు. 1766 అక్టోబరులో గూస్ ఫెయిర్ అనే పెద్ద సంతలో జున్ను ధర విని జనం మండిపడ్డారు. బండ్ల మీది జున్ను చక్రాలు లాగి వీధుల్లో దొర్లించారు. సర్ది చెప్పడానికి వచ్చిన మేయరు దొర్లుతున్న ఒక జున్ను చక్రం తగిలి కింద పడ్డాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. వినడానికి నవ్వు పుట్టించే ఆ గొడవను అణచడానికి చివరికి సైన్యం రావలసి వచ్చింది.

అసలు గండం 1799లో మొదలైంది. ఆ ఏడాది వానలు కురిసి కురిసి కోతకు వచ్చిన పైరు తడిసి పాడైంది. 1800లోనూ పంట సరిగా లేదు. అటు ఫ్రాన్సుతో యుద్ధం, బయటి నుంచి గోధుమ తెప్పించుకోవడం కష్టం. ధర ఆకాశానికంటింది. 1800 సెప్టెంబరు మొదట్లో నాటింగ్‌హామ్ జనం వీధికెక్కి ధాన్యం కొట్ల మీదా రొట్టెల దుకాణాల మీదా పడ్డారు. ఆ దుకాణాల్లో ఒకటి జార్జ్ గ్రీన్ అనే వ్యాపారిది. పల్లెటూరి రైతు కొడుకు అతడు. పట్నం వచ్చి బేకరీలో పని నేర్చుకుని, సొంతంగా పొయ్యి పెట్టుకుని, నలుగురిలో నిలబడ్డాడు. ఇప్పుడు అతడి కిటికీ అద్దాలు పగిలాయి. రాత్రికి ఇంకేం జరుగుతుందోనన్న భయంతో కాపలా పంపమని మేయరుకు చీటీ రాశాడు. అప్పటికి అతడి కొడుకు జార్జ్‌కు ఏడేళ్ళు. తండ్రీ కొడుకులిద్దరిదీ ఒకే పేరు కాబట్టి ఇకపై తండ్రిని పెద్ద గ్రీన్ అందాం.

రొట్టె కాల్చేవాడి మీద జనానికి ఎంత కోపమో, గోధుమ విసిరే మిల్లరు మీద అంతకు రెట్టింపు. తరతరాలుగా మిల్లరు కూలి డబ్బు రూపంలో తీసుకోలేదు. తెచ్చిన ధాన్యంలోంచే తన వంతు కొలిచి తీసుకునేవాడు. ఆ కొలత ఎవరూ చూడరు. ధర పెరిగినకొద్దీ అతడి వంతు విలువా పెరిగేది. ఈ ఫిర్యాదులు పార్లమెంటు దాకా వెళ్ళి, కూలిని డబ్బుగానే తీసుకోవాలి, రేట్ల పట్టీ గోడకు తగిలించాలి, తక్కెడ పెట్టుకోవాలి అని 1796లో చట్టం వచ్చింది. అప్పటికే కొన్ని ఊళ్ళ జనం చట్టం కోసం ఎదురుచూడటం మానేశారు. హల్ రేవు పట్నంలో పేదలు తలా కొంత వేసుకుని 1795లో తమ సొంత గాలిమర పెట్టుకున్నారు. మిల్లర్ల మీద పోటీకి పెట్టినది కాబట్టి దానికి ‘యాంటీ మిల్’ అనే పేరే స్థిరపడింది. లండన్లో ఆవిరి యంత్రంతో నడిచిన ఆల్బియన్ మిల్లు 1791లో తగలబడినప్పుడు దాని పోటీకి భయపడ్డ మిల్లర్లు పండగ చేసుకున్నారు.

పెద్ద గ్రీన్‌కు ఈ లోకం పోకడ బాగా తెలుసు. రొట్టెల వ్యాపారి ఇద్దరి మధ్య నలిగేవాడు. పిండి ధర మిల్లరు చేతిలో ఉంటుంది, రొట్టె ధరను ఊరి అధికారులు నిర్ణయిస్తారు. పైన ధర పెరిగినా కింద అమ్మే ధర పెంచే వీలు లేదు. ఈ నలుగుడు తప్పాలంటే దారి ఒక్కటే. గోధుమ కొనడం, విసరడం, కాల్చడం మూడూ తన చేతిలోనే ఉండాలి. నాటింగ్‌హామ్‌కు తూర్పున ఒక మైలు దూరంలో, గాలికి అడ్డు లేని స్నెంటన్ గుట్ట మీద అతడు స్థలం కొన్నాడు. 1807లో అక్కడ మర లేచింది.

ఇటుక బురుజు, తిరిగే నెత్తి

ఆ రోజుల్లో ఇంగ్లండులో పాతకాలపు మరలు చాలావరకు కొయ్యవి. మొత్తం కొయ్య గదినే ఒక్క లావాటి స్తంభం మీద నిలిపి, గాలి మారినప్పుడల్లా ఆ గదంతటినీ తోసి తిప్పేవారు. గది బరువంతా స్తంభం మీదే కాబట్టి లోపల ఎక్కువ రాళ్ళు పెట్టడానికి వీలుండదు. పెద్ద తుపాను వస్తే గదే కూలేది. పెద్ద గ్రీన్ కట్టించింది బురుజు మర. ఇటుక గోడలు కదలవు. పైన ఉన్న నెత్తి మాత్రమే గాలిని బట్టి తిరుగుతుంది. దీనివల్ల బురుజును ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చు, లోపల ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు.

స్నెంటన్ మర ఎత్తు సుమారు 16 మీటర్లు. గుండ్రటి బురుజు కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. లోపలి యంత్రాలు ఆడుతున్నప్పుడు పుట్టే అదురును ఆ వాలు గోడ కిందికి దించి నేలకు అప్పగిస్తుంది. పైన మొనదేలిన తెల్లటి గుమ్మటం, దానికి ముందు నాలుగు రెక్కలు, వెనుక ఒక చిన్న చక్రం.

ఆ చిన్న చక్రాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. ఎడ్మండ్ లీ అనే ఇంగ్లీషు కమ్మరి 1745లో దీనికి పేటెంటు పొందాడు. పెద్ద రెక్కలకు ఇది అడ్డంగా, లంబకోణంలో ఉంటుంది. గాలి సరిగ్గా పెద్ద రెక్కల ముఖాన కొడుతున్నంత సేపూ చిన్న చక్రం గాలి వాటానికి పక్కగా నిలిచి ఊరుకుంటుంది. గాలి దిశ కాస్త మారిందా, దీని రెక్కల మీద పడుతుంది. ఇది తిరగడం మొదలుపెట్టి, పళ్ళ చక్రాల వరుస ద్వారా గుమ్మటాన్ని మెల్లగా జరుపుతుంది. పెద్ద రెక్కలు మళ్ళీ గాలికి ఎదురు నిలిచాయంటే చిన్న చక్రం దానంతటదే ఆగిపోతుంది. అంతకుముందు ఈ పని కోసం అర్ధరాత్రి కూడా మనిషి లేచి వచ్చి, బరువంతా మీద వేసుకుని నెత్తిని తిప్పాల్సి వచ్చేది. వెనుక నుంచి గాలి కొట్టేదాకా నిద్రపోతే రెక్కలు ఊడి, గుమ్మటమే ఎగిరిపోయే ప్రమాదం ఉండేది.

రెక్కల విషయంలోనూ ఇంగ్లీషు పనివాళ్ళు ఒక పెద్ద చిక్కు విప్పారు. కిండర్‌డైక్‌లో రెక్కల చట్రం మీద గుడ్డ పరిచేవారని చూశాం. గాలి ఉధృతమైతే మర ఆపి, ఒక్కో రెక్కనూ కిందికి తెచ్చి, గుడ్డ చుట్టాలి. 1772లో ఆండ్రూ మైకిల్ గుడ్డకు బదులు వరుసగా చిన్న చిన్న పలకలు అమర్చాడు. కిటికీ రెప్పలలాగా అవి తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. విలియం క్యూబిట్ దీన్ని ఇంకా మెరుగుపరిచి, మర తిరుగుతుండగానే కింద నుంచి ఒక గొలుసు లాగి అన్ని రెక్కల పలకలనూ ఒక్కసారే సర్దే ఏర్పాటు కనిపెట్టాడు. ఆయనకు పేటెంటు దక్కింది 1807లోనే, అంటే స్నెంటన్ మర లేచిన ఏడాదే. గొలుసుకు ఎంత బరువు వేలాడదీస్తే పలకలు అంత గాలికి నిలుస్తాయి. అంతకు మించిన గాలి వీస్తే అవే తెరుచుకుని గాలిని వదిలేస్తాయి.

ఇక లోపలికి వెళ్దాం. బస్తాలను మోసుకుని మెట్లెక్కే అవసరం లేదు. రెక్కలు తిరిగే బలంతోనే ఒక గొలుసు బస్తాను పైకి లాగుతుంది. ప్రతి అంతస్తు నేలలో రెండు రెక్కల చిన్న తలుపు ఉంటుంది. వచ్చే బస్తా దాన్ని తోసుకుని పైకి వెళ్ళగానే అది మళ్ళీ మూతపడుతుంది. గోధుమ పై అంతస్తుల్లోని పెట్టెల్లో పడి, అక్కడి నుంచి తన బరువుతోనే కిందికి దిగుతుంది. రాళ్ళు ఉన్న అంతస్తులో పిండి అవుతుంది. ఇంకా కింద, తూము దగ్గర కట్టిన సంచిలో వెచ్చగా రాలుతుంది. గింజ ఒక్కసారి పైకెక్కిందంటే ఆపై దాన్ని మనిషి ఎత్తి పోసే పనే లేదు.

విసిరే రాళ్ళ జతలో కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. ఒక్కో రాయి దాదాపు ఒక టన్ను బరువు. రెక్కలు నిమిషానికి పన్నెండు, పదిహేను చుట్లు తిరిగితే, పెద్ద చక్రం నుంచి చిన్న చక్రానికి వేగం అందుకుంటూ వచ్చి పై రాయి నిమిషానికి వంద చుట్లు దాటుతుంది. పొరుగునే ఉన్న డెర్బీషైర్ కొండల రాయి పశువుల దాణాకు బాగుంటుంది. తెల్లటి రొట్టెల పిండి కావాలంటే ఫ్రాన్సులోని లా ఫెర్తే-సూ-జువార్ రాళ్ళే కావాలి. వాటి ముక్కలను పేర్చి, అతికించి, చుట్టూ ఇనుప పట్టీ బిగించి రాయిగా చేసేవారు. నెపోలియన్ యుద్ధాలు జరుగుతున్నా ఇంగ్లీషు మిల్లరుకు ఫ్రెంచి రాయి మీద మోజు పోలేదు.

మర నడిపేవాడి నేర్పంతా ఈ రెండు రాళ్ళ మధ్య సందులో ఉంది. అంచు దగ్గర ఆ సందు కాగితమంత పలచన. ఎక్కువైతే పిండి బరకగా వస్తుంది. తక్కువైతే వేడెక్కి మాడువాసన వేస్తుంది. అందుకే అతడు గంటగంటకూ తూము కింద చెయ్యి పెట్టి, పిండిని బొటనవేలితో వేళ్ళ మీద రాసి చూసుకునేవాడు. గింజలు అయిపోతే ఇంకో ప్రమాదం. రాయికి రాయి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. గాలిలో తేలే పిండి దుమ్ముకు ఆ రవ్వ ఒక్కటి చాలు. అందుకని గింజల పెట్టెలో ఒక పట్టీ కట్టి దానికి గంట తగిలించేవారు. గింజల బరువు ఉన్నంతసేపూ పట్టీ బిగువుగా ఉండి గంటను పట్టి ఉంచుతుంది. గింజలు తగ్గగానే పట్టీ వదులై గంట మోగుతుంది. ఎంత నిద్రలో ఉన్నా ఆ మోతకు లేచి పరుగెత్తాలి.

గాలి ఉన్నప్పుడే పని

గాలిమర దగ్గర పగలూ రాత్రీ అన్న లెక్క ఉండదు. వారం రోజులు గాలి లేకపోతే వారమంతా రాళ్ళకు గాట్లు చెక్కుకుంటూ, పళ్ళ చక్రాల్లో అరిగిన కొయ్య పళ్ళు మార్చుకుంటూ కూర్చోవాలి. అర్ధరాత్రి గాలి లేస్తే అర్ధరాత్రే మొదలుపెట్టాలి. పక్కనే గుర్రపు సాల, ధాన్యపు కొట్టు, మర చూసుకునే విలియం స్మిత్ ఇల్లు. కొన్నేళ్ళకు గ్రీన్ కుటుంబం కూడా ఊళ్ళోని బేకరీ వదిలి మర పక్కన కట్టుకున్న ఇంట్లోకి వచ్చేసింది.

కొడుకు జార్జ్‌కు చిన్నప్పటి నుంచీ లెక్కల మీద ప్రాణం. 1801 మార్చిలో తండ్రి అతణ్ణి రాబర్ట్ గుడేకర్ బడిలో వేశాడు. 1802 వేసవికే చదువు అయిపోయింది. మొత్తం నాలుగు విడతల చదువు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు పిండి కలపడానికి వచ్చేశాడు, కాస్త పెద్దయ్యాక మర పనికి ఎక్కాడు. ఆ పని అంటే అతడికి ఇష్టం లేదు. ఇష్టం లేకపోయినా పాతికేళ్ళకు పైగా చేశాడు.

గుట్ట కింద ఊరు మాత్రం మండుతూనే ఉంది. 1811లో నాటింగ్‌హామ్ చుట్టుపక్కల పల్లెల్లోనే అల్లిక పనివాళ్ళు తమ కూలి తగ్గిస్తున్న యజమానుల మగ్గాలను పగలగొట్టడం మొదలుపెట్టారు. చరిత్రలో లడ్డైట్ తిరుగుబాటుగా నిలిచిపోయిన ఉద్యమం అది. మగ్గం పగలగొడితే మరణశిక్ష అని 1812లో చట్టం తెచ్చారు. ఆ బిల్లును ఎదిరిస్తూ కవి బైరన్ ప్రభువుల సభలో తన మొదటి ప్రసంగం చేశాడు. యుద్ధం ముగిసి చౌకగా విదేశీ ధాన్యం వస్తుందని పేదలు ఆశపడుతుండగా, 1815లో పార్లమెంటు ధాన్యం చట్టం తెచ్చింది. దేశంలో క్వార్టరు గోధుమ ధర 80 షిల్లింగులకు చేరేదాకా బయటి గోధుమ రానివ్వమన్నారు. భూస్వాములు బాగుపడ్డారు. రొట్టె మళ్ళీ ప్రియమైంది. ఆ చట్టం రద్దు కావడానికి 1846 దాకా ఆగాల్సి వచ్చింది. గ్రీన్ కుటుంబం లాంటి మర యజమానులకు మాత్రం ఆ ఏళ్ళు కలిసొచ్చాయి.

జార్జ్ జీవితం మర చుట్టూనే అల్లుకుంది. మర చూసుకునే స్మిత్ కూతురు జేన్‌తో అతడికి మనసు కలిసింది. వాళ్ళకు ఏడుగురు పిల్లలు పుట్టారు, కానీ పెళ్ళి జరగలేదు. పనివాడి కూతురిని కోడలిగా తెచ్చుకోవడానికి పెద్ద గ్రీన్ ఒప్పుకోలేదని చెబుతారు. తరువాతి రోజుల్లో ఇంకో అడ్డంకి వచ్చింది. కేంబ్రిడ్జ్ కాలేజీల్లో ఫెలోగా ఉండాలంటే పెళ్ళి కాకుండా ఉండాలని అప్పటి నియమం. స్నెంటన్ వాళ్ళు మాత్రం జేన్‌ను గ్రీన్ ఇల్లాలిగానే పిలిచారు.

పై అంతస్తులో పుట్టిన పుస్తకం

1823లో జార్జ్ నాటింగ్‌హామ్‌లోని బ్రోమ్లీ హౌస్ గ్రంథాలయంలో చేరాడు. చందా కట్టిన పెద్దమనుషులు చదువుకునే చోటు అది. పిండి మర మనిషి ఆ డాక్టర్ల, న్యాయవాదుల, పాదిరీల పక్కన కూర్చుని పత్రికలు తిరగేశాడు. ఫ్రెంచి గణితవేత్తలు లాప్లాస్, పాయిజాన్‌ల కొత్త గణితం ఆ రోజుల్లో ఇంగ్లండులో కొద్దిమందికే తెలుసు. నాలుగు విడతల బడి చదువుతో ఇతడు దాన్ని సొంతంగా పట్టుకున్నాడు. మర పై అంతస్తులో ఒంటరిగా కూర్చుని లెక్కలు చేసుకునేవాడని స్థానికులు చెప్పుకుంటారు.

1828లో విద్యుత్తు, అయస్కాంతత్వాలకు గణిత విశ్లేషణను అన్వయిస్తూ అతడు రాసిన వ్యాసం పుస్తకంగా వచ్చింది. సొంత ఖర్చుతో నాటింగ్‌హామ్‌లోనే అచ్చు వేయించాడు. ఏడున్నర షిల్లింగుల చొప్పున 51 మంది చందాదారులు కొన్నారు. వాళ్ళలో ఎక్కువమంది గ్రంథాలయపు పెద్దమనుషులు. పొరుగువాడి మీద అభిమానంతో కొన్నారే గానీ, లోపల ఉన్నది చదివి అర్థం చేసుకోగలిగినవాళ్ళు ఉన్నారనుకోలేం.

ఆ పుస్తకంలోని ప్రధాన సూత్రాన్ని మన ఊరి చెరువుతో చెప్పుకోవచ్చు. గట్టు వెంబడి నడిచి, ఏ కాలువ ద్వారా ఎంత నీరు లోపలికి వస్తోంది, ఏ తూము ద్వారా ఎంత పోతోంది అని లెక్కగడితే, చెరువులో దిగకుండానే లోపలి నీరు పెరుగుతోందో తరుగుతోందో చెప్పేయొచ్చు. అంచు మీద జరిగేదానికీ లోపల జరిగేదానికీ గట్టి సంబంధం ఉందని, దాన్ని సమీకరణంగా రాయొచ్చని గ్రీన్ చూపాడు. దాని సాయంతో ఒక వస్తువు చుట్టూ విద్యుత్ ప్రభావం ఎలా పరుచుకుంటుందో లెక్కగట్టే పద్ధతి కూడా ఇచ్చాడు. నేడు ‘గ్రీన్ సిద్ధాంతం’, ‘గ్రీన్ ఫంక్షన్’ అని పాఠ్యపుస్తకాల్లో ఉన్నవి ఇక్కడ పుట్టినవే. విద్యుత్ ‘పొటెన్షియల్’ అనే మాటను భౌతికశాస్త్రంలో నిలబెట్టిందీ ఈ పుస్తకమే.

చందాదారుల్లో పుస్తకం విలువ తెలిసిన మనిషి ఒకడున్నాడు. లింకన్‌షైర్ జమీందారు సర్ ఎడ్వర్డ్ బ్రోమ్‌హెడ్. కేంబ్రిడ్జ్‌లో బాబేజ్, హెర్షెల్‌లతో కలిసి కొత్త గణితం కోసం పోరాడినవాడు. ఇకపై రాసే వ్యాసాలను పెద్ద సంఘాలకు పంపిస్తానని గ్రీన్‌కు ఉత్తరం రాశాడు. గ్రీన్ బదులివ్వలేదు. అది మర్యాద కోసం రాసిన మాట, ఆ స్థాయి మనిషికి జవాబు రాసి ఇబ్బంది పెట్టకూడదని ఎవరో చెప్పగా నమ్మాడు. దాదాపు రెండేళ్ళు గడిచాక, 1830 జనవరిలో, నిజం తెలిసి క్షమాపణతో రాశాడు. అంతస్తుల తేడా మనుషులను ఎలా మూగబరుస్తుందో చూపడానికి ఆ రెండేళ్ళ మౌనం కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఈలోగా 1829లో పెద్ద గ్రీన్ కన్నుమూశాడు. మర, స్థలాలు కొడుకు చేతికొచ్చాయి. 1831 అక్టోబరులో ఓటు హక్కు సంస్కరణల బిల్లును ప్రభువుల సభ తోసిపుచ్చగానే నాటింగ్‌హామ్ మళ్ళీ భగ్గుమంది. న్యూకాజిల్ డ్యూక్‌కు చెందిన కోటను జనం తగలబెట్టారు. అంతకుముందు అదే గుంపు స్నెంటన్ మీదుగా వెళ్ళి కాల్విక్ హాల్ అనే భవంతి మీద పడింది. ఆ మంటలు గుట్ట మీదికి కనిపించే ఉంటాయి.

గ్రీన్ మరను కౌలుకిచ్చి, బ్రోమ్‌హెడ్ ప్రోత్సాహంతో 1833లో కేంబ్రిడ్జ్‌లోని కీస్ కాలేజీలో చేరాడు. అప్పటికి వయసు నలభై. తన వయసులో సగం ఉన్న కుర్రాళ్ళతో పరీక్ష రాసి 1837లో నాలుగో స్థానంలో నిలిచాడు. 1839లో ఫెలో అయ్యాడు. కాంతి, ధ్వని, నీటి అలల మీద వరసగా వ్యాసాలు రాశాడు. కానీ ఆరోగ్యం దెబ్బతిని స్నెంటన్‌కు తిరిగివచ్చి, 1841 మే 31న చనిపోయాడు. సెయింట్ స్టీఫెన్ చర్చి ఆవరణలో, మరకు దగ్గర్లోనే సమాధి చేశారు. ఆయన రూపం ఎలా ఉండేదో చూపే చిత్రపటం ఒక్కటీ దొరకలేదు.

పోయిన పుస్తకం, కాలిపోయిన మర

గ్రీన్ చనిపోయిన నాలుగేళ్ళకు కేంబ్రిడ్జ్‌లో ఇరవయ్యేళ్ళ విలియం థామ్సన్ ఆ 1828 పుస్తకం కోసం వెతుకుతున్నాడు. మరెవరి వ్యాసంలోనో దాని ప్రస్తావన చూశాడు. పుస్తకాల దుకాణాల్లో దాని ఊసే లేదు. 1845 జనవరిలో పారిస్ బయలుదేరబోయే ముందు, తన గురువు విలియం హాప్కిన్స్ దగ్గరే ప్రతులున్నాయని తెలిసింది. వాటిని పట్టుకెళ్ళి పారిస్‌లో లియూవిల్, స్టర్మ్ వంటి పెద్దలకు చూపాడు. తాము ఈమధ్య కనిపెట్టామనుకున్న సంగతులు నాటింగ్‌హామ్ మిల్లరు ముందే రాసిపెట్టాడని చూసి వాళ్ళు నిర్ఘాంతపోయారు. జర్మనీలోని క్రెలె పత్రికలో 1850 నుంచి 1854 మధ్య అది మళ్ళీ అచ్చయింది. ఈ థామ్సనే తరువాత లార్డ్ కెల్విన్. 20వ శతాబ్దంలో జూలియన్ ష్వింగర్ వంటివాళ్ళు కాంతికీ పదార్థానికీ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టడానికి గ్రీన్ ఫంక్షన్లనే పట్టుకున్నారు.

పుస్తకం పైకి వస్తుంటే మర కిందికి పోయింది. ఆవిరి మిల్లులకు గాలితో పనిలేదు. ఆపైన ఉక్కు రోలర్లు వచ్చి రాళ్ళ కాలమే ముగించాయి. 1860లలో స్నెంటన్ మర ఆగిపోయింది. రెక్కలు రాలాయి, పైకప్పు కారింది. గ్రీన్ చిన్న కూతురు క్లారా 1919లో చనిపోయాక స్థానిక న్యాయవాది ఒకరు దాన్ని కొని, నెత్తికి రాగి రేకు తొడిగించి వాన నుంచి కాపాడారు. తరువాత అందులో బూట్లకూ సామాన్లకూ వాడే పాలిష్ తయారీ సాగింది. 1947లో నిప్పంటుకుంది. మైనం, నూనెలు నిండిన బురుజు కొలిమిలా మండి, లోపలి అంతస్తులూ మిగిలిన యంత్రాలూ బూడిదయ్యాయి. ఇటుక గోడ ఒక్కటే మిగిలింది.

ఇంగ్లండులో ఆ స్థితికి వచ్చిన బురుజులు ఎన్నో ఉన్నాయి. చాలావాటిని కూల్చి ఇటుకలు పట్టుకుపోయారు. దీన్ని కాపాడింది గణితం. 1970లలో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు గ్రీన్ స్మారక నిధి పెట్టి, పలు దేశాల భౌతికశాస్త్రజ్ఞుల తలుపులు తట్టారు. 1979లో నగర పాలక సంస్థ మరను కొన్నది. పాత పద్ధతులు తెలిసిన మర పనివాళ్ళు కొత్త ఇరుసులు, కొత్త పళ్ళ చక్రాలు, కొత్త గుమ్మటం, కొత్త రెక్కలు చేశారు. 1985లో పక్కనే విజ్ఞానకేంద్రంతో సహా ప్రజలకు తెరిచారు. 1986 చివరికి రాళ్ళ మధ్య నుంచి మళ్ళీ పిండి రాలింది. ఇప్పటికీ అక్కడ గాలితో విసిరిన పిండిని కొనుక్కోవచ్చు. 1993లో గ్రీన్ పుట్టిన ద్విశతాబ్ది నాడు వెస్ట్‌మినిస్టర్ అబేలో న్యూటన్, ఫారడే, కెల్విన్‌ల సరసన ఆయన పేరు రాయి మీద చెక్కారు.

కొత్త చెక్కతో చేసిన యంత్రం పాతదెలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. గాలిమర ఎప్పుడూ అలాగే బతికింది. పళ్ళు అరిగితే పళ్ళు, రెక్క విరిగితే రెక్క మారుస్తూ పోవడమే దాని నిత్యకృత్యం. 1860లలో తెగింది ఆ మార్చే చెయ్యి. 1980లలో దాన్ని మళ్ళీ అందించారు. మరను అద్దాల వెనుక బొమ్మగా నిలపకుండా పనిలో పెట్టడమే ఆ పునరుద్ధరణలోని గొప్పతనం. బస్తా పైకెక్కడం, రాయి తిరగడం, పిండి వెచ్చగా చేతిలో పడటం కళ్ళారా చూసిన స్నెంటన్ బడిపిల్లలకు, తమ గుట్ట మీద ఒక పనివాడు ప్రపంచానికి కొత్త గణితం ఇచ్చాడన్న మాట నమ్మశక్యమవుతుంది. నాలుగు విడతల చదువుతో మర ఎక్కిన ఆ పిల్లవాడికి ఊరు అప్పట్లో ఇవ్వలేకపోయిన గౌరవం ఆలస్యంగానైనా ఇలా చెల్లింది.

వచ్చే భాగంలో

గ్రీన్ పుస్తకాన్ని వెలికితీసిన విలియం థామ్సన్ 1881లో యార్క్‌లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుల సభలో మాట్లాడుతూ, బొగ్గు తరిగిపోయిన నాడు గాలి యంత్రాలు మళ్ళీ పైచేయి సాధిస్తాయని చెప్పాడు. చౌకగా గాలిమర చేయగలిగితే దానితో విద్యుత్తు పుట్టించవచ్చని కూడా ఆలోచించాడు. ఆ మాటకు ఆరేళ్ళు నిండేసరికి, 1887 జులైలో, స్కాట్లండులోని మేరీకర్క్ అనే పల్లెలో జేమ్స్ బ్లైత్ అనే ప్రొఫెసరు తన సెలవు ఇంటి తోటలో గాలిమర నిలబెట్టి ఇంట్లో దీపాలు వెలిగించాడు. మిగిలిన కరెంటును వీధి దీపాలకు ఇస్తానంటే ఊరివాళ్ళు అది దెయ్యం పని అని వద్దన్నారట. గోధుమ విసిరే గాలి దీపం వెలిగించే గాలిగా మారిన ఆ తొలి రోజులు, ఆ పల్లె భయాలు, అదే సమయంలో అమెరికాలో ఛార్లెస్ బ్రష్, డెన్మార్క్‌లో పౌల్ లా కూర్ సాగించిన ప్రయత్నాలు – వచ్చే భాగంలో.